కంటి నడిబొడ్డు

"పెద్దమ్మా, నువ్వు దుర్భిణిలోంచి చూడు. నేను ఉత్త కళ్ళతో చూస్తా. ముందు ఎవరు చెప్తారో చూద్దాం," అంది కిన్నెర.

సుభాషిణి నవ్వుతూ స్టాండు మీది దుర్భిణికి కన్ను ఆనించింది. ఆరు నెలలు బెంగళూరులో ఉండి ఆ పొద్దుటే విశాఖలో రైలు దిగింది. పెట్టె చెల్లెలింట్లో పడేసి, చెల్లెలి కూతురి ప్రాక్టీసు చూద్దామని నేరుగా విలువిద్య అకాడమీ మైదానానికి వచ్చింది. డెబ్బై మీటర్ల అవతల గురిబోర్డులు సముద్రపు గాలికి సన్నగా ఊగుతున్నాయి.

"నడిమి పసుపు గుండ్రంలో పాత చిల్లులు ఏడు," అంది కిన్నెర, కళ్ళు చికిలించనైనా చికిలించకుండా. "ఎడమ పక్కన రెండు కలిసిపోయి ఒకటిలా ఉంటాయి. మోసపోకు. అవి రెండు."

సుభాషిణి దుర్భిణిలో లెక్కపెట్టింది. ఏడు. ఎడమ పక్కవి రెండే.

ఇంకో పెద్దమ్మ అయితే పిల్లని దగ్గరికి లాక్కుని మెటికలు విరిచేది. సుభాషిణి మాత్రం మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. ఆ కళ్ళు ఎంతవరకు చూడగలవో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

కళ్ళలోకి తొంగి చూడటమే ఆమె పని. కంటి వెనక తెర నడిబొడ్డున ఆవగింజ పాటి లేని గుంట ఒకటి ఉంటుంది. అక్షరం చదివినా, సూదిలో దారం ఎక్కించినా, ఎదురొచ్చే మనిషిని పోల్చుకున్నా ఆ గుంట చలవే. వెలుగునీ రంగునీ పట్టే శంకు కణాలు అందులో తేనెపట్టు గదుల్లా కిక్కిరిసి ఉంటాయి. బతికున్న మనిషి కంట్లో వాటిని ఒక్కొక్కటిగా ఫొటో తీసే యంత్రాన్ని సుభాషిణి తయారు చేసింది. వయసులో మంచి కాలమంతా దానికే పోసింది. ఆ ఫొటోలు చూసేసరికి తేలిందేమిటంటే, ఏ ఇద్దరి నడిబొడ్డూ ఒక్కలా ఉండదు. ఒకరికి పట్టినంత జాగాలోనే ఇంకొకరికి దాదాపు రెట్టింపు కణాలుంటాయి.

రెండేళ్ళ కిందట ఈ అకాడమీలో అందరి కళ్ళూ ఫొటో తీసింది. అందరికంటే తక్కువ కణాలు కిన్నెరకి. అందరికంటే బాగా కొట్టేదీ కిన్నెరే. కణాలు పలచగా ఉన్నా ఆ పిల్ల కన్ను తనకి తెలీకుండానే సన్నసన్నగా కదులుతూ, చూడాల్సిన దాన్ని ఎప్పటికప్పుడు మంచి కణాల మీదికే తెచ్చుకునేది. కణాల లెక్క ఒక్కటే చూపు కాదు అని సుభాషిణి మొదట నమ్మింది ఆ కళ్ళను చూసే.

ఆ కణాలతో డెబ్బై మీటర్ల మీద ఏడు చిల్లులు కనిపించవు.

"నీ కళ్ళు ముట్టుకున్నది ఎవరే?" అని అడిగింది.

కిన్నెర నవ్వు ఆగిపోయింది. "అదేంటి పెద్దమ్మా? నీకు తెలుసుగా. నీకు చెప్పే చేస్తున్నామన్నారు మీ డైరెక్టరు పరాంకుశం సార్."

*

కిన్నెర తల్లి ప్రసూన హైస్కూల్లో వ్యాయామ టీచరు. భర్త ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రం మీదే. కూతుర్ని ఒంటిచేత్తో పెంచుకొచ్చింది. ఆ మధ్యాహ్నం అక్క వచ్చిందని చేపల పులుసు పెట్టింది. కిన్నెర కంచంలోంచి వెంట్రుకంత ముల్లు కూడా వదలకుండా ఏరేస్తోంది. ఆ చేత్తోనే మంచినీళ్ళకోసం తడుముకుని, కంచానికి ఆనుకుని ఉన్న గ్లాసుని పడగొట్టింది.

"ఈ మధ్య ఇదో అలవాటైంది మహాతల్లికి," అంటూ ప్రసూన గుడ్డ తెచ్చింది.

సుభాషిణి సోఫాలో పడి ఉన్న పేపరు తీసి, చెయ్యి కడుక్కొచ్చిన పిల్ల ముందు పెట్టింది. "ఈ హెడ్డింగు చదువు."

పెద్ద అక్షరాలు. 'పట్టణంలో కొత్త రోడ్లకు మోక్షం' అని ఉంది. కిన్నెర వేలు పెట్టి మొదలెట్టింది.

"ప... ట... ణం... లో. కొత... కొత రోడ..." ఆగింది. తల కొంచెం పైకెత్తి, దించి, మళ్ళీ చూసింది. "కిందికి చూస్తే ఒత్తు దొరుకుతుంది పెద్దమ్మా. అప్పుడు పైన అక్షరం పోతుంది."

"ఎక్కడికి పోతుంది?"

"మంచులోకి. చూసేది మాత్రం అద్దంలా ఉంటుంది. దాని చుట్టూ మంచు. మంచు అవతల మళ్ళీ మామూలే."

ప్రసూన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నించే? నాకెందుకు చెప్పలేదు?"

"అలవాటవుతుందన్నారమ్మా సార్. గురి బాగానే ఉంది కదా అన్నారు."

సుభాషిణి చెల్లెలి వైపు తిరిగింది. "నాకొక్క ఫోను చెయ్యడానికేమైందే నీకు?"

"నేనా?" ప్రసూన గుడ్డని నేలకేసి కొట్టింది. "నువ్వెప్పుడు ఎత్తావక్కా ఫోను? మీటింగులో ఉన్నా, మళ్ళీ చేస్తా, ఈ రెండే నీకొచ్చిన మాటలు. ల్యాబు నీది. యంత్రం నీది. మీ అక్కగారు ఒప్పుకున్నారమ్మా అని ఆ పెద్దమనిషి నా ఎదురుగా కూర్చుని చెప్పాడు. నీ పేరు చెప్పి ఎవరైనా అబద్ధమాడతారని నేనెలా అనుకుంటాను?"

"ఇంత బాగా కొడుతున్న పిల్లకి కంట్లో అసలు ఆ పరాంకుశం మందెందుకు?"

"సెలక్షన్లలో స్కోరెవడడుగుతున్నాడు? కణాల లెక్క అడుగుతున్నారు. నువ్వు తీసిన ఫొటోల్లోంచి లెక్కలు మీ డైరెక్టరే సెలక్టర్లకి పంపాడు. అందులో దీనిది అట్టడుగు స్థానం. రేపెప్పుడో కళ్ళు దెబ్బతింటాయి, ఇలాంటి పిల్ల మీద శిక్షణ దండగ అన్నారు. గోడవైపు తిరిగి పడుకుని వారం రోజులు ఏడ్చింది. నువ్వు చూళ్ళేదు. నేను చూశాను."

 ఆ లెక్కలు పేర్లతో సహా బయటికి వెళ్ళాయన్న సంగతి సుభాషిణి వినడం అదే మొదటిసారి. చెప్పులు వేసుకుంటూ, "పదవే," అంది కిన్నెరతో. "నీ కళ్ళు నేను చూడాలి."

*

కొండవాలున ఉన్న పరిశోధన కేంద్రంలో, యంత్రం ముందు గడ్డం ఆనించి కిన్నెర కదలకుండా కూర్చుంది. కంట్లోంచి వచ్చే వెలుగు ఎంత వంకరపోయినా ఆ వంకరకి తగ్గట్టు తానూ వంగి సరిదిద్దే అద్దం ఒకటి యంత్రం గుండెకాయ. రూపాయి బిళ్ళంత ఉంటుంది. అదొక్కటీ సుభాషిణి తన చేతుల్తో చేసుకున్నది.

తెర మీద బొమ్మ తేరుకుంది. నడిమధ్య కణాలు ఇసుక పోసినట్టు కిక్కిరిసి ఉన్నాయి. అంత దట్టమైన నడిబొడ్డుని సుభాషిణి ఎవరి కంట్లోనూ చూడలేదు. దాని చుట్టూ కోట చుట్టూ కందకంలా నల్లటి వలయం. ఆ వలయంలో కణాలు లేవు.

పరాంకుశం మందు సంగతి ఆమెకి మొదట్నుంచీ తెలుసు. కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన కొన్నేళ్ళదాకానూ శంకు కణాలు చుట్టుపక్కల నుంచి నడిమధ్యకి జరుగుతూ వస్తాయి. తర్వాత ఆగిపోతాయి. ఆ జరగడాన్ని మళ్ళీ నిద్రలేపే మందు అది. కంట్లో సూదితో ఎక్కించి, కణాలు ఎటు రావాలో సన్నటి కాంతితో దారి చూపాలి. ఆ కాంతిని గురిపెట్టాలంటే సుభాషిణి యంత్రం కావాలి. జబ్బు వల్ల నడిబొడ్డు చచ్చిపోయినవాళ్ళకి మాత్రమే వాడాలన్న షరతు మీద ఆమె ఒప్పుకుంది. బీడులోకి నాలుగు కుటుంబాల్ని తెచ్చి పెడితే అదొక ఊరవుతుంది. నిండుగా ఉన్న వీధుల్ని ఖాళీ చేయించి జనాన్నంతా బజారు కూడలిలో కుక్కితే? మంచి కంటికి ఆయన చేసింది అదే.

కిన్నెరని బయట కూర్చోబెట్టి, ఆ బొమ్మతో డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. పరాంకుశం ఏనాడూ గొంతు పెంచడు. కుర్చీ చూపించాడు.

"కూర్చోండి సుభాషిణి గారూ. బెంగళూరు ఆస్పత్రిలో మీరు పెట్టిన యంత్రం బాగా కుదిరిందట, విన్నాను."

"మా పిల్ల కళ్ళలో ఈ గొయ్యి ఎవరు తవ్వారు సార్?"

ఆయన బొమ్మని చూశాడు. కొత్తగా చూస్తున్నవాడిలా చూడలేదు. "గురి తప్పిందా?"

"ఏమిటి?"

"గురి తప్పిందా అని. నేను కొలిచింది గురి. పదకొండు మందికి చేశాం. పదకొండు మందికీ పెరిగింది."

"వాళ్ళు చదవలేరు. మీకు తెలుసు. తెలిసి అలవాటవుతుందన్నారు."

"ఆ వలయం పెద్దవాళ్ళలోనే వస్తుందని నా అంచనా. పదేళ్ళ లోపు కంట్లో ఇంకా మెత్తదనం ఉంటుంది, ఖాళీ వెంటనే పూడుకుంటుంది. అందుకే సోమవారం క్రీడా పాఠశాల పిల్లల్ని రమ్మన్నాం. నలభై మంది."

 సుభాషిణి బల్ల అంచు పట్టుకుంది. "పూడుకుంటుందని తెలుసా మీకు?"

"తెలుసుకుంటాం," అన్నాడు పరాంకుశం.

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడో, అంత మామూలుగా ఆ బల్ల మీది గాజు పేపర్‌వెయిటు ఎత్తి ఆయన మొహాన కొట్టాలనిపించింది ఆమెకి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని బయటికొచ్చింది.

*

పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక కమిటీని అత్యవసరంగా పిలిపించింది. శనివారం అయిదుగురు వచ్చారు. కాఫీలు, జీడిపప్పు వచ్చాయి. పరాంకుశం గ్రాఫులు చూపించాడు. గీతలన్నీ పైకే ఎక్కుతున్నాయి. సుభాషిణి నల్ల వలయాన్ని చూపించింది. చైర్మన్ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని, "బొమ్మలో ఉన్నది బతుకులో ఎంత ఇబ్బందో మనకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు.

"పిల్ల బయటే ఉంది. అడగండి."

కిన్నెర వచ్చి బల్లకి ఈ చివర నిలబడింది. అకాడమీ బనీను మీదే వచ్చింది. ఆ చివర పరాంకుశం ఉన్నాడు.

"నీకేం కనిపిస్తోందో చెప్పమ్మా," అన్నాడు చైర్మన్.

"సార్ చొక్కా రెండో బొత్తాం కనిపిస్తోంది. నాలుగు కన్నాలు. ఒక కన్నంలో దారం తెగింది."

ఇద్దరు సభ్యులు వంగి పరాంకుశం చొక్కా వంక చూశారు. దారం తెగే ఉంది. ఒకాయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

"ఇంకా?"

"ఇంకేం లేదండి. బొత్తాం కనిపిస్తే మెడ కనిపించదు. మెడ చూస్తే గడ్డం కనిపించదు. సార్ నన్ను చూసి నవ్వుతున్నారో, విసుక్కుంటున్నారో నాకు తెలీటం లేదు." కిన్నెర బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "మా అమ్మ మొహం కూడా అంతే. కనురెప్ప మీద వెంట్రుకలు లెక్కపెట్టగలను. ఏడుస్తోందో లేదో చెప్పలేను. ముక్కు చీదిన చప్పుడైతే ఏడుస్తోందనుకుంటాను. పంతొమ్మిదేళ్ళు చూసిన మొహమండి అది. మీ గ్రాఫులో అదెక్కడుందో చూపిస్తారా?"

 పిల్లని బయటికి పంపి గంటసేపు మాట్లాడుకున్నారు. వలయం మీద విడిగా అధ్యయనం జరగాలన్నారు. ఆర్నెల్లలో నివేదిక రావాలన్నారు. సోమవారం పిల్లల మాటేమిటని సుభాషిణి అడిగితే, తల్లిదండ్రుల సమ్మతి ఉంది కాబట్టి, వయసు వేరు కాబట్టి, ఆపడానికి ఆధారం చాలదన్నారు.

"మీ మనవల్ని పంపిస్తారా?" అంది సుభాషిణి.

చైర్మన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఉద్రేకపడకండి," అన్నాడు.

*

 ఆటో బీచి రోడ్డు దాటాక కిన్నెర అడిగింది. "ఆ చిన్నపిల్లలకి కూడా చేసేస్తారా?"

"యంత్రం ఉంటే చేస్తారు."

"లేకపోతే?"

సుభాషిణి అదే ఆలోచిస్తోంది. అద్దం లేకపోతే యంత్రం ఉత్త డబ్బా. బెంగళూరు యంత్రంలో అలాంటి అద్దమే ఉంది గానీ, అది అక్కడి రోగులది, పరాంకుశం చేతికి రాదు. ఇంకొకటి చెయ్యాలంటే ఏడాది పడుతుంది. "అద్దం తీసేస్తే కుదరదు వాళ్ళకి," అంది. "కానీ అద్దం లేకపోతే నీ కంట్లో ఆ వలయం పెరుగుతోందో లేదో నాకూ తెలీదు. నిన్ను బాగుచెయ్యడానికి ఎప్పటికైనా ఏదైనా దారుంటే, ఆ దారి కూడా ఆ యంత్రంలోంచే."

"నన్నడుగుతున్నావా, చెప్తున్నావా?"

"అడుగుతున్నా. ఇది నీ కన్ను."

కిన్నెర ఒక్కసారిగా మండిపడింది. "ఇప్పుడడుగుతున్నావా? ఫొటో తీసిన రోజు అడిగావా, ఈ లెక్క ఎవరికిస్తారో తెలుసా అని? నాకంటే ఎక్కువ కణాలున్నవాళ్ళందర్నీ నేను కొట్టాను పెద్దమ్మా. నా అంతట నేను కొట్టాను. నువ్వో నంబరు తెచ్చావు, ఆయన దాన్ని అమ్మాడు, నేను కొనుక్కున్నాను." అటు తిరిగి చేత్తో మొహం తుడుచుకుంది. "తీసెయ్. ఆ పిల్లల్ని ముట్టుకోనివ్వకు."

ఆదివారం పట్టపగలు, కాపలాదారు చూస్తుండగానే సుభాషిణి ల్యాబుకి వెళ్ళింది. స్క్రూలు విప్పి, తీగలు ఊడదీసి, అద్దాన్ని దూదిలో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చింది.

*

సోమవారం పిల్లల బస్సు వచ్చింది. యంత్రం పనిచెయ్యడం లేదని వాళ్ళని వరండాలో కూర్చోబెట్టారు. పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులకి గేటు దగ్గర నిలబడి కిన్నెర తన కళ్ళ సంగతి చెప్పింది. సెక్యూరిటీ వాళ్ళు ఆమెని చెయ్యి పట్టి లాగారు. అది చూసిన తల్లిదండ్రులు మాత్రం ఇంక ఆగలేదు. మధ్యాహ్నానికల్లా ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళిపోయారు. ఖాళీ బస్సు వెనక్కి వెళ్ళింది.

సాయంత్రానికి సుభాషిణి పోలీసు స్టేషన్లో ఉంది. ప్రభుత్వ ఆస్తి దొంగతనం అని పరాంకుశం ఫిర్యాదు ఇచ్చి అక్కడే కూర్చున్నాడు.

"మీరే తీశారా మేడం?" అన్నాడు సీఐ.

"నేనే తీశాను."

"ఎక్కడుంది?"

"చెప్పను."

సీఐ తల పట్టుకున్నాడు. చదువుకున్న ఆడమనిషిని ఏమనాలో తెలియక టీ తెప్పించాడు. ఇంతలో ప్రసూన కూతుర్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. అద్దం తీసేసిన సంగతి తెలిసినప్పట్నుంచీ ఆమె అక్కతో మాట్లాడటం లేదు. ఇప్పుడూ పలకరించలేదు, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

పరాంకుశం ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. "మంచి సమయానికొచ్చారమ్మా. కేసు నేను వెనక్కి తీసుకుంటాను. మీ అక్కగారు అద్దం ఇచ్చేస్తే చాలు. అది ఉంటే రేపే మీ అమ్మాయికి కాంతిని తిరగేసి పెట్టి, కణాల్ని మళ్ళీ వెనక్కి లాగుదాం. మీ అమ్మాయికే మొదట. నా మాట ఇస్తున్నాను."

 ప్రసూన మొదటిసారి అక్క మొహంలోకి చూసింది. ఆ చూపులో ఉన్న ఆశ భరించలేక సుభాషిణి తల దించుకుంది.  అవుతుందో కాదో ఆమెకీ తెలీదు.

కిన్నెరే అడిగింది. "అలా వెనక్కి లాగడం ఎవరికైనా చేశారా సార్?"

"సిద్ధాంతపరంగా..."

"ఎవరికైనా చేశారా?"

"లేదు. కానీ నీకు—"

"కోతికైనా?"

పరాంకుశం సీఐ వైపు తిరిగాడు.

ప్రసూన లేచింది. ఆయన మీదికి వెళ్తుందేమోనని సీఐ కూడా లేచాడు. ఆమె ఆయన్ని దాటుకుని సీఐ బల్ల దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. గ్రౌండులో పిల్లల్ని అదిలించే గొంతు ఆమెది. స్టేషనంతా వినపడింది.

"మా అక్క మీద రాసుకున్నారు కదా. ఇప్పుడు నేను చెప్పేది రాసుకోండి. నా పేరు ప్రసూన. నా కూతురు కిన్నెర, విలువిద్య క్రీడాకారిణి. ఈయన మాకు అబద్ధం చెప్పి, నాతో సంతకం పెట్టించి, దాని మంచి కళ్ళు పాడు చేశాడు. దానితో పాటు ఇంకో పదిమందివి పాడు చేశాడు. నలభై మంది పసిపిల్లలవి పాడు చెయ్యబోయాడు. రాస్తున్నారా?"

"రాస్తున్నానమ్మా. నెమ్మదిగా చెప్పండి."

"ఇంకో పేరు కూడా ఉంది." ప్రసూన వెనక్కి తిరగలేదు. "యంత్రం తయారు చేసింది ఈవిడ. లెక్కపెట్టింది ఈవిడ. ఆ లెక్కలు గదిలో వదిలేసి, ఎవడి చేతికి పోతాయో చూసుకోకుండా ఊరెళ్ళిపోయింది ఈవిడ. అదీ రాయండి."

సీఐ కలం ఆపి సుభాషిణి వైపు చూశాడు. "మేడం, ఆవిడ మీ చెల్లెలు కదా?"

"అవును," అంది సుభాషిణి. కుర్చీలోంచి లేచి వచ్చి చెల్లెలి పక్కన నిలబడింది. ప్రసూన పక్కకి జరగలేదు, దగ్గరికీ రాలేదు. "ఆమె చెప్పినట్టే రాయండి. నా పేరు ఇంటిపేరుతో సహా రాయండి. అద్దం కోర్టులోనే ఇస్తాను, ఆ పదకొండు మంది ఎదురుగా."